సామాన్యుడికి దూరప్రయాణం నేర్పిన థామస్ కుక్

ఉద్యోగంలో ఉన్నంతకాలం మనలో చాలామందికి ప్రయాణమంటే బదిలీ ప్రయాణమే. లేదంటే నాలుగేళ్లకోసారి వచ్చే ఎల్.టి.సి. ప్రయాణం. పదవీ విరమణ తరువాత తీరిక దొరుకుతుంది, ఓపిక ఉన్నన్నాళ్లు నాలుగు ఊళ్లు చూడాలనిపిస్తుంది. కాశీ, రామేశ్వరం యాత్రలకు తోడు ఇప్పుడు సముద్రం మీద విహార నౌకల ప్రయాణం కూడా మన పెన్షనర్ల ఇళ్లలో మాటల్లోకి వచ్చింది. 2022లో విశాఖపట్నం నుండి పుదుచ్చేరి, చెన్నైలకు విహార నౌక నడిచింది. పిల్లలు విదేశాల్లో ఉన్నవారైతే అక్కడికి వెళ్లినప్పుడు పది రోజులు ఓడ ఎక్కి వస్తున్నారు.

ఇలా వెళ్లివచ్చిన వారి నోట తరచు వినిపించే బాధ ఒకటి ఉంది. ఆరు నెలల ముందే డబ్బు కట్టి గది ఖాయం చేసుకుంటారు. తీరా బయలుదేరే రోజులు దగ్గరపడ్డాక అదే ఓడలో అటువంటి గదినే తక్కువ ధరకు అమ్ముతున్నారని తెలుస్తుంది. జాగ్రత్తపడిన వాడు ఎక్కువ ఇచ్చుకున్నాడు, ఆలస్యం చేసిన వాడు లాభపడ్డాడు అన్న భావన కలుగుతుంది. నెలకు ఇంత అని లెక్కగా వచ్చే పెన్షనుతో బతికేవారికి ఆ తేడా చిన్నదేమీ కాదు.

ఇది కొత్తగా పుట్టిన సమస్య కాదు. ముందుగా డబ్బు కట్టించుకుని, ఒకే టిక్కెట్టు మీద జనాన్ని గుంపుగా తీసుకువెళ్లే పద్ధతి ఎంత పాతదో ఈ సమస్యా అంత పాతది. ఆ పద్ధతిని లోకానికి అలవాటు చేసిన థామస్ కుక్ జీవితాన్ని తెలుసుకుంటే, ధర తగ్గినప్పుడు మనం ఏమి అడగాలో, ఏమి అడగకూడదో కూడా తేటగా తెలుస్తుంది. అందుకే ఈ ప్రత్యేక సంచికలో ఆయన జీవితాన్ని సభ్యుల ముందు ఉంచుతున్నాము.

బాల్యం - కష్టాల బడి

థామస్ కుక్ 1808 నవంబరు 22న ఇంగ్లండులోని డెర్బీషైర్ ప్రాంతంలో మెల్బోర్న్ అనే చిన్న ఊరిలో జన్మించారు. ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరం వేరు, ఇది వేరు. పసితనంలోనే తండ్రి పోయారు. కుటుంబం బీదది. పదేళ్లకే చదువు మాని కూరగాయల తోట పెంచే ఒకరి దగ్గర పనికి కుదిరారు. కూలి రోజుకు ఒక పెన్నీ. ఆనాటి లెక్కలో 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌను. అంటే ఒక షిల్లింగు కళ్లజూడాలంటే ఆ పిల్లవాడు పన్నెండు రోజులు పని చేయాలి. ఈ లెక్క మనం గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే ఆయన తరువాత ప్రపంచానికి చూపించిన మొదటి టిక్కెట్టు వెల సరిగ్గా ఒక షిల్లింగే.

పద్నాలుగో ఏట మామ వరుస అయిన బంధువు దగ్గర కొయ్యసామాను చేసే పని నేర్చుకున్నారు. క్రైస్తవంలో బాప్టిస్టు శాఖకు చెందిన భక్తి గల కుటుంబం కావడంతో 1828లో ఊరూరా తిరిగే ప్రచారకుడిగా చేరారు. 1829లో ఒక్క ఏడాదిలోనే రెండు వేల మైళ్లకు పైగా కాలినడకన తిరిగారట. జీతం అంతంత మాత్రం. ఆ జీతానికీ నిధులు చాలక తిరిగి వడ్రంగానికే వచ్చారు. 1833లో మేరియన్ మేసన్‌ను వివాహమాడి మార్కెట్ హార్బరో అనే ఊళ్లో కాపురం పెట్టారు. మరుసటి ఏడాది కొడుకు జాన్ మేసన్ కుక్ పుట్టాడు.

ఆ కాలంలో ఇంగ్లండులో కూలి జనాన్ని తాగుడు పీల్చి పిప్పి చేస్తూ ఉండేది. వారం కూలి శనివారం సాయంత్రమే సారా దుకాణంలో ఖర్చయిపోయేది. దీనికి వ్యతిరేకంగా మద్యపాన నిషేధ ఉద్యమం నడిచింది. కుక్ ఆ ఉద్యమంలో నిష్ఠగా పనిచేశారు. మన రాష్ట్రంలో 1992లో దూబగుంట మహిళలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం గుర్తున్న వారికి ఆ ఆవేశం ఎటువంటిదో వేరే చెప్పనక్కరలేదు.

ఒక షిల్లింగు రైలు

1841 జూన్ 9న ఒక సభకు హాజరు కావడానికి కుక్ మార్కెట్ హార్బరో నుండి లెస్టర్ పట్టణానికి సుమారు పదిహేను మైళ్లు నడిచి వెళుతున్నారు. అప్పటికి రైలు కొత్త. దారిలో ఆయనకు ఒక ఆలోచన తట్టింది. కొత్తగా వచ్చిన ఈ రైలును ఉద్యమానికి ఎందుకు వాడుకోకూడదు? జనాన్ని ఒక్క బండిలో సభకు తీసుకువెళితే, ఆ రోజుకు సారా దుకాణం బదులు వారికి వేరే సంతోషం దొరుకుతుంది కదా!

సభలో ఈ ఆలోచన బయటపెట్టారు. రైలు కంపెనీతో మాట్లాడారు. 1841 జూలై 5న లెస్టర్ నుండి లఫ్‌బరో వరకు ప్రత్యేక రైలు నడిచింది. దూరం పదకొండు మైళ్లు. ఎక్కినవారు సుమారు ఐదు వందల మంది. రానూ పోనూ కలిపి టిక్కెట్టు ఒక షిల్లింగు. పెట్టెలకు పైకప్పు లేదు, ఎండా పొగా మీద పడుతూనే ఉన్నాయి. అయినా బ్యాండు మేళం, తోటలో టీ, ఫలహారం, ఆటపాటలతో ఆ రోజు జనానికి పండుగ అయింది.

ఈ రైలులోని కిటుకు చాలా సాధారణమైనది. రైలు ఖాళీగా నడిచినా బొగ్గు ఖర్చు అంతే, నిండుగా నడిచినా దాదాపు అంతే. ఒక్కొక్కరు వేరువేరుగా వెళితే ఖరీదయ్యే ప్రయాణం ఐదు వందల మంది కలిసి వస్తామని ముందే చెబితే చౌక అవుతుంది. రైలు కంపెనీకి ఖాళీ పెట్టె బెంగ ఉండదు, ప్రయాణికుడికి ఖర్చు ఎంతో ముందే తెలుస్తుంది. ముందుగా మాట ఇచ్చిన వాడికి చౌక ధర అన్న సూత్రం ఇక్కడే నాటుకుంది.

తరువాత మూడు వేసవులు ఆయన ఇలాంటి రైళ్లు లాభాపేక్ష లేకుండా ఉద్యమం కోసమే నడిపారు. ఈ మధ్యలో లెస్టర్‌కు కాపురం మార్చి, ప్రెస్సు, పుస్తకాల దుకాణం పెట్టుకున్నారు.

మాట నిలిచిన ప్రయాణం - మాట తప్పిన ప్రయాణం

1845లో మొదటిసారి వ్యాపారంగా ఒక యాత్ర ఏర్పాటు చేశారు. లెస్టర్, నాటింగ్‌హామ్, డెర్బీల నుండి లివర్‌పూల్‌కు రైలు, అక్కడి నుండి వేల్స్ తీరానికి స్టీమరు. మొదటి తరగతి 15 షిల్లింగులు, రెండవ తరగతి 10 షిల్లింగులు. టిక్కెట్టు అమ్మే ముందే ఆయన తానుగా ఆ దారంతా తిరిగి, హోటళ్లు చూసి, చిన్న మార్గదర్శక పుస్తకం అచ్చువేసి యాత్రికుల చేతిలో పెట్టారు. టిక్కెట్లకు ఎంత గిరాకీ వచ్చిందంటే, వెంటనే రెండో యాత్ర కూడా పెట్టవలసి వచ్చింది. ఇక్కడ ముందుగా కొన్నవాడే లాభపడ్డాడు. ఆలస్యం చేసినవాడికి సీటే లేదు.

మరుసటి ఏడాది, 1846లో, స్కాట్లండు యాత్ర జరిగింది. సుమారు 350 మంది బయలుదేరారు. దారిలో ఒక స్టేషనులో టీ ఇస్తామన్న మాట నెరవేరలేదు. ఓడలో గదులు చాలక, డబ్బు కట్టినవారు కూడా కొందరు రాత్రంతా పై అంతస్తులో తడుస్తూ గడిపారు. గ్లాస్గోలో బ్యాండు మేళంతో ఘనంగా స్వాగతం పలికినా, యాత్రికుల అసంతృప్తి కుక్‌కు చాలా చెడ్డపేరు తెచ్చింది.

ఈ రెండు యాత్రలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం తెలుస్తుంది. ముందుగా డబ్బు కట్టినవాడికి అసలైన నష్టం వెనుక వచ్చినవాడు చౌకగా కొనడం వల్ల కలగదు. తనకు ఇస్తామన్నది ఇవ్వకపోవడం వల్ల కలుగుతుంది. గది అని డబ్బు పుచ్చుకుని వానలో నిలబెట్టడం మోసం. కుక్ ఆ దెబ్బతో నేర్చుకున్నారు. తరువాతి ఏళ్లలో ఏర్పాట్లు సరిచేసుకుని స్కాట్లండుకు ఏటా వేల మందిని తీసుకువెళ్లి, ఆ యాత్రలకే పేరు తెచ్చుకున్నారు.

1851 - పదిహేను నుండి ఐదుకు

ఇక మన విషయానికి నేరుగా సంబంధించిన ఘట్టం ఇది. 1851లో లండన్‌లోని హైడ్ పార్కులో అద్దాల భవనం కట్టి, ప్రపంచ దేశాల వస్తువులతో మహా ప్రదర్శన పెట్టారు. మే 1న మొదలై అక్టోబరు దాకా సాగిన ఆ ప్రదర్శనను అరవై లక్షల పైచిలుకు మంది చూశారు. ఆ భవనానికి నమూనా గీసిన జోసెఫ్ పాక్స్‌టన్, మిడ్‌లాండ్ రైల్వే అధ్యక్షుడు జాన్ ఎల్లిస్ ఇద్దరూ డెర్బీలో కుక్‌ను కలిసి, మధ్య ఇంగ్లండులోని కార్మికులను ప్రదర్శనకు తీసుకువచ్చే బాధ్యత ఆయన మీద పెట్టారు. అమెరికా యాత్ర సంగతి చూద్దామని లివర్‌పూల్‌కు బయలుదేరిన కుక్ ఆ ఆలోచన మానుకుని ఈ పనికి ఒప్పుకున్నారు.

లండన్‌కు రానూ పోనూ చార్జీ మొదట 15 షిల్లింగులుగా నిర్ణయించారు. ఆ రోజుల్లో చాలామంది వ్యవసాయ కూలీలకు వారానికి పది షిల్లింగులు రావడమే గగనం. ఒక్కసారిగా పదిహేను ఎక్కడి నుండి తెస్తారు? అందుకని ఊరూరా పొదుపు సంఘాలు వెలిశాయి. వారానికి కొన్ని పెన్నీల చొప్పున కడుతూ పోతే వేసవి నాటికి ప్రయాణం ఖర్చు కూడుతుంది. మన ఊళ్లలో చిట్టీలు కట్టి పెళ్లి ఖర్చు కూడబెట్టినట్టే అన్నమాట. కుక్ తన కొడుకు జాన్‌ను వెంటబెట్టుకుని పట్టణాలు తిరిగారు. బ్యాండు మేళాలతో జనాన్ని పిలిచారు, పొదుపు సంఘాలను ప్రోత్సహించారు, లండన్‌లో బసలు చూశారు, ప్రయాణ విశేషాలకు సొంతంగా ఒక పత్రిక కూడా పెట్టారు. జాన్ వయస్సు అప్పటికి పదిహేడేళ్లు.

ఇంతలో గ్రేట్ నార్తర్న్ రైల్వే అనే మరో కంపెనీ పోటీకి దిగింది. ఒకరు తగ్గిస్తే ఇంకొకరు తగ్గించారు. పదిహేను షిల్లింగుల చార్జీ చివరకు ఐదు షిల్లింగులకు పడిపోయింది. మూడో వంతు! ఎవరైనా పదిహేను చెల్లించి టిక్కెట్టు ముందే చేత పట్టుకుని ఉంటే, ఆ వార్త విన్న రోజున అతనికి కంటి మీద కునుకు ఉండదు.

కుక్‌కు కూడా ఈ పోటీ ఇబ్బందే. తెచ్చిన ఒక్కొక్క ప్రయాణికుడికి ఇన్ని షిల్లింగులని రైలు కంపెనీతో ఆయనకు ముందే ఒప్పందం ఉంది. చార్జీ ఐదుకు దిగాక ఆ వాటా ఇస్తే కంపెనీకి ఏమీ మిగలదు. కుక్ ఒప్పందం కాగితాన్ని పట్టుకుని పట్టుపట్టలేదు. దాన్ని వదులుకుని, న్యాయంగా తోచింది ఇవ్వమని కంపెనీ పెద్దలకే విడిచిపెట్టారు. ధర తగ్గిన మేలు జనానికే అందింది. ఆ వేసవిలో ఆయన ద్వారా లండన్ చూసినవారు సుమారు 1,65,000 మంది. అంతకుముందు తమ జిల్లా దాటి ఎరుగనివారు వారిలో ఎందరో ఉన్నారు.

చార్జీ ఎందుకు తగ్గిందో గమనించాలి. ముందు కొన్నవారిని మోసం చేయాలని ఎవరూ తగ్గించలేదు. రెండు కంపెనీలూ ఎలాగూ బండ్లు నడపాలి, బండి కదిలాక ఖాళీ సీటుకు విలువ లేదు. కాబట్టి ఎంతకైనా నింపుకోవాలని చూశాయి. నేటి విహార నౌక కంపెనీలు చేసేది అచ్చంగా ఇదే. ఓడ రేవు దాటాక ఖాళీ గదికి వెల సున్నా.

సముద్రం దాటి

1855లో పారిస్‌లో ప్రదర్శన జరిగినప్పుడు కుక్ తన యాత్రికులను హార్విచ్ రేవు నుండి బెల్జియం మీదుగా, రైన్ నది వెంట జర్మనీ చూపించి పారిస్ చేర్చారు. ఆ యాత్రలో ఆయనకు నష్టమే వచ్చింది. అయినా చెప్పిన ధరకే తీసుకువెళ్లారు. 1862లో స్కాట్లండు రైలు కంపెనీలు ఆయనకు చౌక టిక్కెట్లు ఇవ్వడం మానేశాయి. ఉన్న ఆదాయం పోయింది. కుక్ కుంగిపోక 1863లో పారిస్‌కూ, స్విట్జర్లండుకూ, ఆ మరుసటి ఏడాది ఇటలీకీ యాత్రలు మొదలుపెట్టారు. 1865లో లండన్‌లోని ఫ్లీట్ స్ట్రీట్‌లో కార్యాలయం తెరిచారు. గొప్పింటివారి విహారస్థలాల్లోకి గుమాస్తాలను, బడిపంతుళ్లను, ఒంటరి స్త్రీలను దింపుతున్నాడని ఆనాటి కొందరు పెద్దమనుషులు ఎగతాళి చేశారు. ఆయన పట్టించుకోలేదు. దేవుడి సృష్టిని చూసే హక్కు అందరికీ సమానమే అన్నది ఆయన నమ్మకం.

1868లో ఆయన తెచ్చిన హోటల్ కూపన్ల పద్ధతి ముఖ్యమైనది. లండన్‌లోనే డబ్బు కట్టి కూపన్ల పుస్తకం కొనుక్కోవాలి. యూరపులో ఏ ఊరు వెళ్లినా, ఒప్పందం ఉన్న హోటల్లో ఒక కూపన్ చింపి ఇస్తే గది, మరో కూపన్‌కు భోజనం. పరాయి ఊళ్లో బేరమాడే పని లేదు, భాష రాకపోయినా భయం లేదు. వాడని కూపన్లు మిగిలితే కొంత మినహాయించుకుని మిగతా డబ్బు తిరిగి ఇచ్చేవారు. అంటే ముందుగా కట్టిన డబ్బు ఏ షరతు మీద, ఎంత మినహాయింపుతో వెనక్కి వస్తుందో కొనేనాడే తెలుస్తుంది. ఈనాటి రద్దు నిబంధనలకు మూలం ఇటువంటి ఏర్పాట్లలోనే ఉంది.

1869లో ఈజిప్టుకు వెళ్లి నైలు నది మీద స్టీమర్లు అద్దెకు తీసుకుని యాత్ర నడిపారు. 1872 సెప్టెంబరులో కొద్దిమంది యాత్రికులతో ప్రపంచాన్ని చుట్టి రావడానికి బయలుదేరారు. అట్లాంటిక్ దాటి అమెరికా, జపాన్, చైనా, సింగపూర్, సింహళం, భారతదేశం, ఈజిప్టు మీదుగా 222 రోజుల్లో ఆ యాత్ర ముగిసింది. అప్పటికి ఆయన వయస్సు అరవై నాలుగు. మన లెక్కలో రిటైరై కొన్నేళ్లు దాటినట్టు! 1874లో న్యూయార్కులో ఆయన సంస్థ ప్రయాణికుల కోసం సర్క్యులర్ నోటు ప్రవేశపెట్టింది. తరువాతి కాలపు ట్రావెలర్స్ చెక్కులకు అది పూర్వరూపం. 1875లో అర్ధరాత్రి సూర్యుడిని చూపడానికి నార్వే ఉత్తర కొసకు ఓడ ప్రయాణం పెట్టారు. కేవలం విహారం కోసం నడిచిన తొలి నౌకా యాత్రల్లో అది ఒకటి.

మన దేశంతో సంబంధం

1881లో ఆ సంస్థ బొంబాయిలో కార్యాలయం తెరిచింది. 1886లో భారత ప్రభుత్వం హజ్ యాత్రికుల ప్రయాణ ఏర్పాట్లను ఈ సంస్థకు అప్పగించింది. అప్పటికి పెద్దాయన వ్యాపారం నుండి తప్పుకున్నారు, కొడుకు జాన్ చూస్తున్నారు. ఆ రోజుల్లో దేశం నలుమూలల నుండి బీద యాత్రికులు బొంబాయి రేవుకు చేరి, ఓడ టిక్కెట్టు ఎంతో తెలియక, దళారులు చెప్పిందే ధరగా ఇచ్చుకుని నష్టపోయేవారు. జీవితమంతా కూడబెట్టిన సొమ్ము రేవులోనే కరిగిపోయేది. రైలు, ఓడ కలిపి ప్రకటించిన ధరకు టిక్కెట్టు ఇవ్వాలన్నది కొత్త ఏర్పాటు ఉద్దేశం. వ్యాపారంగా అది లాభించలేదు. కొన్నేళ్లకే, 1890 దశకంలో సంస్థ ఆ బాధ్యత వదులుకుంది. అయినా నిర్ణీత ధర అన్న మాట బీదవాడికి ఎంత అవసరమో ఆ ఘట్టం చెబుతుంది.

చివరి రోజులు

తండ్రీ కొడుకుల స్వభావాలు వేరు. తండ్రికి యాత్ర అంటే జనసేవ. ధర ఎంత తగ్గితే అంత మంచిదనేవారు, మత కార్యాలకూ, ధర్మాలకూ చేతికి ఎముక లేకుండా ఇచ్చేవారు. కొడుకు లెక్క మనిషి. పైసా ఎక్కడికి పోయిందో తెలియాలి. సంస్థకు థామస్ కుక్ అండ్ సన్ అన్న పేరు వచ్చిన కొన్నేళ్లకే ఇద్దరికీ పొసగకపోయింది. 1870 దశకం చివర్లో థామస్ తాను పెట్టిన సంస్థ నుండి విరమించుకున్నారు. లెస్టర్‌లో కట్టుకున్న ఇంట్లో విశ్రాంతి తీసుకుందామనుకుంటే కష్టాలు వెంటాడాయి. 1880లో కూతురు ఆనీ స్నానాల గదిలో గ్యాస్ పొగల వల్ల మరణించింది. 1884లో భార్య పోయింది. క్రమంగా చూపు మందగించింది. 1891లో సంస్థ యాభై ఏళ్ల పండుగ లండన్‌లో అట్టహాసంగా జరిగింది. దానికి మూలపురుషుడు అందులో లేరు.

ఆ ఒంటరితనంలోనూ ఆయన చేతులు ముడుచుకు కూర్చోలేదు. 1888లో చూపు సరిగా లేకపోయినా పవిత్ర భూమికి మరోసారి వెళ్లి వచ్చారు. సొంత ఊరు మెల్బోర్న్‌లో బీదవారి కోసం ఇళ్లు, ప్రార్థన మందిరం కట్టించారు. 1892 జూలై 18న కన్నుమూశారు. లెస్టర్‌లోనే సమాధి ఉంది. జాన్ 1899లో మరణించారు.

కుటుంబం 1928లో సంస్థను అమ్మేసింది. అది చాలా చేతులు మారి, చివరికి 2019 సెప్టెంబరు 23న బ్రిటన్‌లో అప్పుల భారంతో మూతపడింది. ఆ నాటికి బ్రిటన్ యాత్రికులే సుమారు లక్షన్నర మంది విదేశాల్లో ఉన్నారు. అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ప్రత్యేక విమానాలు పెట్టి వారిని ఇళ్లకు చేర్చింది. ప్రభుత్వ రక్షణ పథకం కింద టిక్కెట్టు కొన్నవారికి డబ్బు తిరిగి వచ్చింది. మన దేశంలో అదే పేరుతో ఉన్న సంస్థ అప్పటికే వేరే యాజమాన్యం కింద ఉండటం వల్ల దానికి ఈ పతనం తగలలేదు.

మనం గ్రహించవలసినది

ఈ జీవితం నుండి విహార నౌక ఎక్కదలచిన పెన్షనరు నాలుగు విషయాలు తీసుకోవచ్చు.

మొదటిది, ముందు కట్టిన డబ్బుతో మనం కొన్నది గది ఒక్కటే కాదు, నిశ్చింత కూడా. కావలసిన చోట గది, లిఫ్టుకు దగ్గర, మెట్లు ఎక్కనక్కరలేనిది, భార్యాభర్తలకు పక్కపక్క మంచాలు - ఇవి చివరి నిమిషంలో దొరకవు. 1845 లివర్‌పూల్ యాత్రలో ఆలస్యం చేసినవారికి టిక్కెట్టే దొరకలేదని మరువరాదు. తరువాత ధర పెరిగినా మనం ఎక్కువ కట్టనక్కరలేదు.

రెండవది, ధర తగ్గిందని తెలిస్తే మౌనంగా బాధపడనక్కరలేదు, మర్యాదగా అడగాలి. సాధారణంగా ఈ నౌకలకు మొదట కొంత బయానా కట్టి, బయలుదేరడానికి రెండు మూడు నెలల ముందు మిగతా మొత్తం కట్టాలి. ఆ చివరి గడువులోగా అదే తరగతి గదికి, అదే రకం టిక్కెట్టుకు ధర తగ్గితే, అడిగినవారికి కొత్త ధర వర్తింపజేసే కంపెనీలు చాలా ఉన్నాయి. అడగనివారికి వాటంతట అవి ఇవ్వవు. గడువు దాటిన తరువాత డబ్బు వెనక్కి ఇవ్వడం అరుదు. కానీ ఓడలో ఖర్చు పెట్టుకునేందుకు కొంత మొత్తం జమ చేయడమో, కాస్త మెరుగైన గది ఇవ్వడమో కొన్ని కంపెనీలు చేస్తాయి. అది వారి ఇష్టం, మన హక్కు కాదు. ఏజెంటు ద్వారా కొన్నవారు ఏజెంటునే అడగాలి. ప్రకటించిన కొత్త ధర కాగితం చేతిలో ఉంచుకుని, లిఖితపూర్వకంగా అడగడం మంచిది.

మూడవది, కోపంలో రద్దు చేసి మళ్లీ చౌకగా కొందామని తొందరపడకూడదు. రద్దుకు పట్టే మినహాయింపు, బయానా తిరిగి వస్తుందా రాదా, కొత్త ధరలో పన్నులు, సిబ్బందికి ఇచ్చే బహుమానపు సొమ్ము కలిసి ఉన్నాయా, పాత టిక్కెట్టుతో ఉచితంగా వచ్చిన సదుపాయాలు పోతాయా - ఇవన్నీ కాగితం మీద కూడి, తీసివేసి చూడాలి. ఉద్యోగంలో బిల్లులు పాస్ చేసిన చేతులకు ఈ లెక్క కష్టం కాదు. చాలాసార్లు కంటికి కనిపించిన తగ్గింపులో సగం ఈ లెక్కలోనే ఆవిరవుతుంది.

నాలుగవది అన్నిటికంటె పెద్దది. ధర తగ్గడం చిన్న నష్టం. కట్టిన సొమ్మే పోవడం పెద్ద నష్టం. 2019లో రక్షణ పథకం కింద కొన్నవారు బయటపడ్డారు. కాబట్టి ఎంత చౌక అన్నదాని కంటె ముందు, ఎవరి చేతిలో డబ్బు పెడుతున్నాం, రసీదు ఏమి చెబుతోంది, కంపెనీ ఓడ నడపలేకపోతే మన సొమ్ముకు దిక్కెవరు, మన వయస్సుకు వైద్య బీమా వర్తిస్తుందా అన్నవి చూసుకోవాలి.

థామస్ కుక్ గొప్పతనం టిక్కెట్టు చౌక చేయడంలో మాత్రమే లేదు. రోజుకు ఒక పెన్నీ కూలి చేసిన మనిషి కాబట్టి, బీదవాడు ముందుగా కట్టిన షిల్లింగు ఎంత బరువైనదో ఆయనకు తెలుసు. ఆ షిల్లింగుకు బదులు ఏమి ఇస్తామో ముందే చెప్పడం, చెప్పింది ఇవ్వడం ఆయన అలవాటు చేసిన న్యాయం. మనం ఏ ఓడ కంపెనీని అడగవలసిందీ ఆ న్యాయమే. పక్కవాడు మనకంటె తక్కువకు ఎక్కాడన్న చింత రేవులోనే వదిలేసి, మనకు చెప్పిన గది, చెప్పిన భోజనం, చెప్పిన దారి మనకు అందాయా అని చూసుకుంటే చాలు.